ముందు అడుగుదాం, తరువాత చేయిద్దాం

మా వీధిలో ఒక వదిన ఉంది. అన్నయ్య షేరు ఆటో నడుపుతాడు. అప్పు చేసి ఆటో కొన్నారు. నెల నెలా వాయిదా కట్టాలి. ఆటో తిరిగితేనే ఇల్లు గడుస్తుంది.

ఒకసారి బ్రేకు సరిగా పడలేదు. అన్నయ్య ఆటోను షెడ్డుకు తీసుకుపోయాడు. "సాయంత్రం రా అన్నా, చూసి పెడతాను" అన్నాడు మెకానిక్కు. ఏం చేస్తాడో చెప్పలేదు. ఎంత అవుతుందో చెప్పలేదు. అన్నయ్య కూడా అడగలేదు. సాయంత్రం 3,800 రూపాయలు తీసుకున్నాడు. బిల్లు ఇవ్వలేదు. వాయిదా కోసం దాచిన డబ్బు అలా పోయింది.

నాలుగు రోజులైంది. ఆటోలో బడి పిల్లలు ఉన్నారు. చెరువు కట్ట దిగేటప్పుడు బ్రేకు పడలేదు. అన్నయ్య గేరు తగ్గించి, ఆటోను ఇసుక కుప్ప మీదికి ఎక్కించాడు. పిల్లలకు దెబ్బలు తగల్లేదు. కానీ వదినకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

షెడ్డుకు పోయి అడిగితే ఏమన్నాడు? "నేను చేసింది ఇంజను పని. బ్రేకు పని కాదు" అన్నాడు. కాదని చెప్పడానికి చేతిలో కాగితం లేదు.

వదిన రాత్రి బడికి వచ్చింది. "టీచరమ్మా! పేరు రాయడం వచ్చింది. ఇప్పుడు బిల్లు చదవడం నేర్పు తల్లీ" అంది. ఆ రోజు మేము ఈ పాఠమే చెప్పుకున్నాం.

సర్వీసు ఎందుకు?

ఇంజను లోపల ఇనుప భాగాలు తిరుగుతూ ఉంటాయి. ఆయిల్ ఉంటే అవి సాఫీగా కదులుతాయి. బండి తిరిగే కొద్దీ ఆయిల్‌లో మురికి చేరుతుంది. దాన్ని మార్చకపోతే భాగాలు అరుగుతాయి. ఇంజను పట్టేస్తుంది. అప్పుడు వేల రూపాయలు ఖర్చు.

బ్రేకు షూలు చెప్పుల అడుగులాగే అరుగుతాయి. అరిగాక మార్చాల్సిందే. వాటి మీద ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి.

ఎన్ని కిలోమీటర్లకు ఏం మార్చాలి? బండితో ఇచ్చిన సర్వీసు పుస్తకంలో ఉంటుంది. డీజిలు బండిలో ఆయిల్ తొందరగానే నల్లబడుతుంది. అందుకని రంగు చూసి కాదు, మీటరు మీది కిలోమీటర్లు చూసి మార్చాలి.

మంచి షెడ్డు ఏది?

కొత్త బండికి వారంటీ ఉంటుంది. వారంటీ కాగితం చదవండి. ఆ కాలంలో కంపెనీ సర్వీసు సెంటరులోనే చేయించండి. లేకపోతే వారంటీ ఇవ్వం అనవచ్చు.

వారంటీ అయిపోయాక ఆటో స్టాండులో నలుగురిని అడగండి. ఆ మెకానిక్కు చెప్పిన రోజుకు ఇస్తాడా? చేసిన పని మళ్ళీ చెడిపోతే చూస్తాడా? పెద్ద బోర్డు చూసి నమ్మకండి. చిన్న షెడ్డు అని తీసిపారేయకండి.

అన్ని పనులూ ఒకరికే రావు. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజను పనికి ఒకరు, టింకరింగుకు ఒకరు, కరెంటు పనికి ఒకరు ఉంటారు. ఏ పని ఎవరికి బాగా వచ్చో తెలుసుకోండి.

ఏమని అడగాలి?

1. లోపం ఏమిటి? చూపించు.
2. ఏ సామాను మారుస్తావు? దాని ధర ఎంత? మజూరీ ఎంత? కాగితం మీద రాయి.
3. ఇంకో పని బయటపడితే మాకు చెప్పు. చెప్పకుండా చేయవద్దు.
4. తీసేసిన పాత సామాను మాకు ఇవ్వు.
5. బిల్లు ఇవ్వు. అందులో తేదీ, బండి నంబరు, మార్చిన సామాను రాయి.

బండి తీసుకునే ముందు కొంచెం దూరం నడిపి, బ్రేకు పట్టి చూడాలి. డబ్బు ఆ తరువాతే ఇవ్వాలి.

వదిన ఏం చేసింది?

ఈసారి వదిన కూడా అన్నయ్యతో వేరే షెడ్డుకు వెళ్ళింది. ముందే అన్నీ అడిగింది. సాయంత్రం బిల్లు తీసుకుని చదివింది:

ఇంజను ఆయిల్ - 450
ఆయిల్ ఫిల్టరు - 120
బ్రేకు షూలు - 380
మజూరీ - 300
మొత్తం - 1,450

వదిన అక్కడే నిలబడి, వేళ్ళ మీద లెక్క కట్టింది. "తమ్ముడూ, మళ్ళీ ఒకసారి కూడు" అంది. మెకానిక్కు కూడి చూశాడు. "తప్పు పడిందమ్మా" అని దిద్దాడు. అన్నయ్య వదిన వైపు చూసి నవ్వాడు. ఇప్పుడు ఆటో పుస్తకం వదిన చేతిలోనే ఉంటుంది.

చట్టం ఏమంటుంది?

వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది. డబ్బు తీసుకుని బిల్లు ఇవ్వకపోవడం ఈ చట్టం ప్రకారం తప్పు. బతుకుతెరువు కోసం సొంతంగా ఆటో నడుపుకునేవారు కూడా వినియోగదారులే. నష్టం జరిగితే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయవచ్చు. బిల్లు ఉంటే మన మాటకు బలం.

అక్కలారా! ఇంట్లో ఆటో లేకపోవచ్చు. కుట్టు మిషను ఉండవచ్చు, మోటారు ఉండవచ్చు. ఏది బాగు చేయించినా పద్ధతి ఇదే.

చెప్పండి
1. అన్నయ్య మొదటిసారి ఏమేమి అడగలేదు?
2. పాత సామాను ఎందుకు అడిగి తీసుకోవాలి?

చేయండి
1. వదిన బిల్లు కూడండి. ఎంత ఎక్కువ వేశారు?
2. మీ ఇంట్లో ఉన్న ఏదైనా ఒక బిల్లు తెచ్చి, తేదీ, మొత్తం చదవండి.