కోటిలింగాల తొవ్వలో

శిథిల నగరాలను చూడబోయేవారికి దారి సులభంగా చిక్కదు. 1839వ సంవత్సరంలో జాన్ లాయిడ్ స్టీఫెన్స్ అనే అమెరికా దేశస్థుడు, ఫ్రెడరిక్ కాథర్‌వుడ్ అనే ఆంగ్లేయ చిత్రకారుడు మధ్య అమెరికా అడవులలో మాయా నాగరికత శిథిలాలను వెదకుతూ బయలుదేరారు. కంచరగాడిదలపై ప్రయాణం, దిగబడే బురద, చలిజ్వరాలు, దారిలో ఒక ఊళ్లో నిర్బంధం. కోపాన్ శిథిలాల నడుమ కాథర్‌వుడ్ బురదలో నిలబడి, దోమకాటుకు వెరచి చేతులకు తొడుగులు వేసుకొని బొమ్మలు గీశాడు. వీటిని కట్టినదెవరని అడిగితే ‘ఎవరికి తెలుసు?’ అని అక్కడివారు బదులిచ్చారు. స్టీఫెన్స్ ఆ స్థలాన్ని ఏబది డాలర్లకు కొన్నాడు. 1841లో వెలువడిన ఆయన యాత్రాగ్రంథంలో దారి కష్టాలకు తక్కువ చోటేమీ దక్కలేదు.

కోరుట్లవారు అంతదూరం పోనక్కరలేదు. ఊరి మీదుగా పోయే 63వ జాతీయ రహదారిని పట్టుకొని తూర్పుగా జగిత్యాల, ధర్మపురి దాటి, రాయపట్నం వద్ద వెల్గటూరు వైపు మళ్లితే చాలు. పెద్దవాగు గోదావరిలో కలిసేచోట, నది కుడిగట్టున కోటిలింగాల ఉన్నది. నూరు కిలోమీటర్లు నిండని ప్రయాణం. శ్రావణమాసంలో ఒకనాటి ఉదయం పదిమంది విద్యార్థులతో అద్దె జీపులో బయలుదేరిన మాకు అది పూట ప్రయాణమే అనిపించింది.

జగిత్యాల దాటి నాలుగైదు కిలోమీటర్లు పోయామో లేదో వెనుక చక్రం పంచరయింది. డ్రైవరు స్టెప్నీ దించి చూస్తే అందులోనూ గాలి లేదు. ఇద్దరు విద్యార్థులు రెండు చక్రాలను దారినపోయే ఆటోలో వేసుకొని జగిత్యాలకు మరలినారు. మిగిలినవారము రోడ్డు పక్క ఇంటి అరుగుపై కూర్చున్నాము. అక్కడ చాటలో తునికాకు పెట్టుకొని బీడీలు చుడుతున్న వృద్ధురాలు చెంబుతో నీళ్లిచ్చి అడిగింది.

“ఏ ఊరు బిడ్డా మీది?”

“కోరుట్ల అవ్వా. కోటిలింగాలకు పోతున్నం.”

“గుడికా?”

“గుడికి కాదవ్వా, పాత కోట చూసేతందుకు.”

“పాడువడ్డ గోడలు చూసేతందుకు ఇంతమందా!” అని ఆమె నవ్వింది. ఆ నవ్వులో వెక్కిరింత లేదు, నిజమైన ఆశ్చర్యమే ఉన్నది. విద్యార్థులలో కొందరికీ అదే సందేహం ఉన్నట్లు వారి ముఖాలు చెప్పినవి.

వెల్గటూరు చేరేసరికి మధ్యాహ్నం రెండు గంటలు. అక్కడినుంచి దగ్గరిదారి పట్టాము. రాత్రి కురిసిన వానకు ఒక వాగు పొంగి లోలెవెల్ వంతెన మీదుగా పారుతున్నది. నీరు మోకాలి లోతే ఉన్నది. డ్రైవరు జీపును ముందుకు దూకించబోయాడు. గొర్రెలను అటు కట్టపై నిలిపిన కాపరి చేయెత్తి ఆపినాడు. “లోతు చూసి మోసపోకుండ్రి సారూ. పార్కం చూడుండ్రి” అన్నాడు. పారే నీటి వేగమే బండిని పక్కకు నెడుతుంది. అడుగున రోడ్డు కోసుకుపోయిందో లేదో పైకి తెలియదు. మోకాలి లోతు నీటిలో వాహనాలు కొట్టుకుపోవడానికి కారణమిదే. వెనుదిరిగి చుట్టుదారి పట్టాము.

ఆ చుట్టుదారి నల్లరేగడి నేలల నడుమ బండ్లబాట. తడిసిన రేగడి చక్రాలకు చుట్టుకొని పిండిముద్దలా పెరుగుతుంది. అరకిలోమీటరు పోగానే జీపు ఇరుసుదాకా దిగబడింది. అందరమూ దిగి తోశాము. ముగ్గురి చెప్పులు బురదలోనే ఉండిపోయినవి. చివరకు ఒక రైతు ట్రాక్టరుకు మోకు కట్టి లాగినాడు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఎందుకు వచ్చామో తెలుసుకొని, “మా నాయిన కాలంల దున్నితే బిళ్లలు తేలుతుండె” అన్నాడు.

ఆ బిళ్లలే ఈ ప్రాంత చరిత్రను మార్చినవి. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మ కోటిలింగాలలో దొరికిన నాణేలను సేకరించి, శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి దృష్టికి తెచ్చారు. అటు తరువాత వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో రాష్ట్ర పురావస్తుశాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. మట్టికోట, ఇటుక కట్టడాలు, బావులు బయటపడినవి. శాతవాహనుల నాణేలే కాక, వారికి ముందు పాలించిన గోబద, సమగోప మొదలైన రాజుల నాణేలు కూడా లభించినవి. అన్నింటికంటె ముఖ్యమైనవి శాతవాహన వంశస్థాపకుడైన సిముకుని నాణేలు. అంతకుముందు ఆయన పేరు పురాణాలలోనూ, మహారాష్ట్రలోని నానాఘాట్ గుహలో చెక్కిన పేరులోనూ మాత్రమే కనిపించేది.

శాతవాహనుల తొలి నివాసం ఏదన్న వాదం నేటికీ సాగుతున్నది. నాణెం చేతులు మారి ఎక్కడికైనా పోవచ్చుకదా అనవచ్చు. బంగారు, వెండి నాణేలకు ఆ మాట చెల్లుతుంది. రాగి, సీసం వంటి చిల్లర నాణేలు పుట్టినచోటికి చాలాదూరం పోవు. పైగా సిముకునికి ముందటి స్థానిక రాజుల నాణేలు కూడా అక్కడే ఉన్నవి. కనుక ఆ వంశపు ఆరంభం ఈ గోదావరి తీరానికి దగ్గరగానే జరిగిందనే వాదానికే నా మొగ్గు.

మేము దిబ్బ వద్దకు చేరేసరికి పొద్దు వాలుతున్నది. గడ్డి నడుమ పెంకులు, వెడల్పయిన ఇటుకముక్కలు. ఎదుట సముద్రంవలె నీరు. అది ఎల్లంపల్లి వద్ద గోదావరిపై కట్టిన శ్రీపాదసాగర్ ప్రాజెక్టు వెనుకజలం. కోటదిబ్బలో కొంతభాగం ఆ నీటి పాలయింది. పొలాలకు నీరు అవసరమే, ఎవరూ కాదనరు. అయితే తవ్వని నేల నీటి అడుగున చేరితే అందులోని సాక్ష్యం మరల చేతికి రావడం కష్టం. ఒడ్డున అలల కోతకు ఊడిన మట్టిలో కుండపెంకులు వేలాడుతున్నవి.

ఒక విద్యార్థి నల్లని పెంకొకటి జేబులో వేసుకున్నాడు. తీసినచోటనే పెట్టమన్నాను. ఏ పొరలో, దేనిపక్కన దొరికిందో తెలిసినంతవరకే అది చరిత్ర చెబుతుంది. ఇంటి అలమరలో చేరితే అది పెంకే. కొంచెం చిన్నబుచ్చుకున్నా, ఆ గుంటను వెదికి మరీ పెట్టి వచ్చాడు.

తిరుగుదారిలో ధూళికట్ట కూడా చూడాలనుకున్నాము. అక్కడ బౌద్ధస్తూపం, ముచిలిందనాగుని శిల్పఫలకం ఉన్నవి. ఆంధ్రులకు ముప్పది కోటపట్టణాలు ఉండేవని రోమను రచయిత ప్లినీ రాశాడు. వాటిలో ధూళికట్ట ఒకటై ఉంటుందని చరిత్రకారుల ఊహ. అది హుస్సేన్‌మియా వాగు ఒడ్డున ఉన్నది. వాగు పేరు వినగానే డ్రైవరు మాట్లాడక జీపును ధర్మపురి వైపు తిప్పినాడు. ధూళికట్టకు మాఘమాసంలో పోయాము. అప్పటికి వాగులో కాలు తడవలేదు.