రీఫ్ ఆక్వేరియంలో ఇసుక పొర తొలగింపు: దశలవారీ విధానం, జాగ్రత్తలు

సారాంశం

పగడాలు, సముద్రపు అలంకార చేపలు పెంచే రీఫ్ ఆక్వేరియంలలో అడుగున పరచిన ఇసుక కొన్నేళ్లకు సేంద్రియ వ్యర్థాలతో నిండి, నైట్రేట్, ఫాస్ఫేట్‌ల నిల్వగా మారుతుంది. అప్పుడు ఇసుకను పూర్తిగా తీసివేసి, గాజు అడుగు కనిపించేలా తొట్టిని నిర్వహించే పద్ధతికి మారడం ఒక పరిష్కారం. అయితే జీవులున్న తొట్టిలో ఇసుకను ఒక్కసారిగా తొలగిస్తే అమ్మోనియా పెరిగి, ప్రాణవాయువు తగ్గి, భారీ నష్టం సంభవించవచ్చు. ఇసుక చేస్తున్న పనిని ముందుగా వేరొక వ్యవస్థకు అప్పగించి, ఆ తరువాతనే ఇసుకను భాగాలుగా తీయాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదించే విధానం.

పరిచయం

రీఫ్ ఆక్వేరియంల నిర్వహణలో అడుగు ఎలా ఉండాలన్న విషయంపై ఏకాభిప్రాయం ఏనాడూ లేదు. జర్మనీలో రూపుదిద్దుకున్న బెర్లిన్ పద్ధతి సజీవ శిలలపైన, శక్తిమంతమైన ప్రొటీన్ స్కిమ్మర్‌పైన ఆధారపడింది. అందులో ఇసుకకు ప్రాధాన్యం లేదు. ఇందుకు భిన్నంగా ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఝాన్ జొబేర్ ఇసుక పొరనే ప్రధాన జీవ వడపోతగా మలిచాడు. తరువాతి కాలంలో అమెరికాలో లోతైన ఇసుక పొరలు విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. ఇవన్నీ తగిన నిర్వహణ ఉన్నచోట విజయవంతమైనవే. కనుక ఇసుక మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్న కంటే, ఒక పద్ధతిలో స్థిరపడిన తొట్టిని మరొక పద్ధతికి సురక్షితంగా మార్చడం ఎలా అన్న ప్రశ్న ఆచరణలో ముఖ్యమైనది.

ఇసుక పొర చేసే పనులు

ఇసుక పైభాగంలో ప్రాణవాయువు అందుతుంది. అక్కడి నత్రీకరణ బ్యాక్టీరియా చేపల విసర్జన ద్వారా, మిగిలిన మేత కుళ్లడం ద్వారా వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దానిని నైట్రేట్‌గా మారుస్తాయి. లోపలికి వెళ్లేకొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది. అక్కడ వినత్రీకరణ జరిగి, నైట్రేట్ నత్రజని వాయువుగా మారి వెలుపలికి పోతుంది. ఇంకా లోతున, వ్యర్థాలు పేరుకున్నచోట సల్ఫేట్ క్షయకరణం చెంది హైడ్రోజన్ సల్ఫైడ్ ఏర్పడుతుంది. గాజు ప్రక్కనుంచి కనిపించే నల్లని చారలు, కదిపినప్పుడు వచ్చే కుళ్లిన గుడ్ల వాసన దీనికి గుర్తులు.

ఈ పొరలోని ఉపరితలం ఎంత విశాలమైనదో ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. 120 సెం.మీ. పొడవు, 60 సెం.మీ. వెడల్పు గల తొట్టిలో 5 సెం.మీ. మందాన ఇసుక ఉంటే దాని ఘనపరిమాణం 36 లీటర్లు. రేణువులు 1 మి.మీ. వ్యాసం గల గోళాలనీ, ఖాళీలు 40 శాతమనీ అనుకుంటే మొత్తం రేణువుల ఉపరితలం సుమారు 130 చదరపు మీటర్లు. ప్రాణవాయువు బాగా అందే పై 1 సెం.మీ. మాత్రమే లెక్కించినా 26 చదరపు మీటర్లు. ఇసుక తీసివేయడమంటే ఇంతటి జీవ ఉపరితలాన్ని తొట్టినుంచి తొలగించడమే.

తొలగించవలసిన పరిస్థితులు

మూడు సందర్భాలలో ఈ మార్పు సమంజసం. మొదటిది, మేత తగ్గించి, నీరు క్రమంగా మార్చినా నైట్రేట్, ఫాస్ఫేట్‌లు తగ్గకపోవడం. అరగొనైట్ ఇసుక ఫాస్ఫేట్‌ను తనపై పట్టి ఉంచి, నీటిలో గాఢత తగ్గినప్పుడు తిరిగి విడుదల చేస్తుంది. రెండవది, అక్రోపోరా వంటి పగడాలకు బలమైన ప్రవాహం అవసరం కాగా, ఆ ప్రవాహానికి ఇసుక లేచి పగడాలపై పడటం. మూడవది, ఇసుక గడ్డకట్టి శుభ్రపరచడానికి వీలుకాకపోవడం. ఇసుక లేని అడుగున వ్యర్థం కంటికి కనిపిస్తుంది. కుళ్లకముందే గొట్టంతో పీల్చివేయవచ్చు. ఈ పద్ధతి బలం అక్కడే ఉంది. ఆ పని క్రమం తప్పక చేయలేనివారికి దీనివలన ప్రయోజనం లేదు.

ప్రమాదం ఎక్కడ ఉంది?

పై ఉదాహరణలోని 36 లీటర్ల ఇసుక ఖాళీలలో సుమారు 14.4 లీటర్ల నీరు ఉంటుంది. ఆ నీటిలో లీటరుకు 10 మి.గ్రా. అమ్మోనియా ఉందని ఊహిస్తే మొత్తం 144 మి.గ్రా. తొట్టిలో 370 లీటర్ల నీరు ఉండగా ఇసుకనంతటినీ ఒకేసారి కెలికితే, లీటరుకు దాదాపు 0.39 మి.గ్రా. అమ్మోనియా కలుస్తుంది. అదే ఇసుకను ఆరు భాగాలుగా తీస్తే ఒక్కొక్కసారి కలిసేది 0.06 మి.గ్రా. మాత్రమే, గొట్టంతో పీల్చితే అందులోనూ అధికభాగం బయటకే పోతుంది. పైగా సముద్రపు నీటి పి.హెచ్. 8.2 సమీపంలో ఉంటుంది. ఈ పరిధిలో పి.హెచ్. ఒక యూనిట్ పెరిగితే అమ్మోనియాలో విషపూరితమైన, అయనీకరణం చెందని భాగం దాదాపు పది రెట్లు పెరుగుతుంది. అందువలన మంచినీటి తొట్టిలో చేపలు తట్టుకొనే మోతాదు ఇక్కడ ప్రాణాంతకం కావచ్చు.

హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా విషమే. అయితే ప్రాణవాయువు ఉన్న నీటిలో అది త్వరగా ఆక్సీకరణం చెందుతుంది. ఆ క్రమంలోనూ, నీటిలో కలిసిన సేంద్రియ వ్యర్థం కుళ్లే క్రమంలోనూ ప్రాణవాయువు ఖర్చవుతుంది. రాత్రివేళ కిరణజన్య సంయోగక్రియ లేనప్పుడు ఈ లోటు తీవ్రమవుతుంది. పగలు ఇసుక తీసిన తొట్టిలో తెల్లవారేసరికి చేపలు చనిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ముందస్తు ఏర్పాట్లు

1. కనీసం రెండు వారాలపాటు అమ్మోనియా, నైట్రేట్, ఫాస్ఫేట్, క్షారత, లవణీయతలను కొలిచి నమోదు చేయాలి. మార్పు తరువాతి ఫలితాలను పోల్చడానికి ఇదే ఆధారం.

2. సచ్ఛిద్రమైన శిలలు, సిరామిక్ దిమ్మెల వంటి జీవ వడపోత మాధ్యమాన్ని వడపోత గదిలో ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే అమర్చాలి. కొత్త మాధ్యమంపై నత్రీకరణ బ్యాక్టీరియా స్థిరపడటానికి వారాల వ్యవధి అవసరం.

3. శిలలు ఇసుకపై ఆని ఉన్నాయా, నేరుగా అడుగుపై ఉన్నాయా పరిశీలించాలి. ఇసుకపై ఆని ఉంటే, ఆధారం తొలగగానే కూలి గాజు పగిలే ప్రమాదం ఉంది. అటువంటి శిలలను ముందుగా తీసి, అడుగున పలుచని ప్లాస్టిక్ పలక వేసి, దానిపై స్థిరంగా నిలపాలి.

4. తొట్టి నీటితో సమానమైన లవణీయత, ఉష్ణోగ్రత గల కొత్త సముద్రపు నీటిని ముందురోజే సిద్ధం చేసుకోవాలి.

తొలగించే క్రమం

అడుగును ఆరు భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగానికి కనీసం ఒక వారం వ్యవధి ఇవ్వాలి. ఉదయం వేళ పని ప్రారంభించడం మంచిది. రాత్రిలోగా తొట్టిని గమనించే సమయం ఉంటుంది. ప్రవాహపు పంపులను ఆపి, వెడల్పాటి గొట్టంతో ఇసుకను నీటితో సహా బకెట్‌లోకి పీల్చాలి. చేతితోగాని, గరిటతోగాని తోడరాదు. తోడితే వ్యర్థమంతా నీటిలో కలుస్తుంది. బకెట్‌లోకి వచ్చిన నీటిని వడకట్టి తిరిగి పోయరాదు. ఒక్కొక్క విడతలో తొట్టి నీటిలో పదోవంతుకు మించకుండా తీసి, అంతే పరిమాణంలో కొత్త నీరు పోయాలి.

పని పూర్తికాగానే పంపులను, స్కిమ్మర్‌ను నడిపి, సన్నని వడపోత గుడ్డను, ఉత్తేజిత బొగ్గును అమర్చాలి. ఆ రాత్రి అదనంగా గాలి అందించాలి. 24, 48 గంటల తరువాత అమ్మోనియాను కొలవాలి. అమ్మోనియా కనిపిస్తే నీరు మార్చి, మేత తగ్గించి, విలువలు సాధారణ స్థితికి వచ్చేవరకు తదుపరి విడతను వాయిదా వేయాలి. వారం గడిచిందన్న కారణంతో కాక, కొలత అనుమతించినప్పుడే ముందుకు సాగాలి.

తరువాతి పరిశీలన

తొలి నెలల్లో గోధుమవర్ణపు డయాటమ్‌లు గాజు అడుగుపై కనిపించడం సాధారణం. అంతకంటే జాగ్రత్తగా చూడవలసినది పోషకాలు పూర్తిగా హరించుకుపోవడం. నైట్రేట్, ఫాస్ఫేట్‌లు రెండూ శూన్యానికి చేరితే పగడాలు పాలిపోతాయి, డైనోఫ్లాజెల్లేట్‌లు విజృంభించవచ్చు. సాధారణంగా నైట్రేట్ లీటరుకు 2 నుంచి 10 మి.గ్రా., ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మి.గ్రా. మధ్య ఉండేలా మేతను సవరించుకుంటారు. వ్యర్థం చేరే మూలలను గుర్తించి వారానికి ఒకటి రెండుసార్లు పీల్చాలి. కాలక్రమంలో గులాబీరంగు సున్నపు శైవలాలు అడుగును కప్పివేస్తాయి.

కొన్ని జీవులకు ఈ మార్పు తగదు. రాత్రి ఇసుకలో దూరి నిద్రించే హాలికోయిరస్ జాతి రాస్ చేపలు, బొరియలు చేసుకొనే జా ఫిష్‌లు, ఇసుకను జల్లించి తినే వాలెన్సియెన్నియా గోబీలు, నసేరియస్ నత్తలు ఉన్న తొట్టిలో వాటికి వేరే వసతి కల్పించిన తరువాతనే ఇసుక తీయాలి. ఒక పెట్టెలో కొంత ఇసుక ఉంచడం రాస్ చేపలకు సరిపోవచ్చు. గోబీలకు ఆహారం ఇసుకలోనే ఉంటుంది గనుక వాటికి అది చాలదు.

మన ప్రాంతానికి అన్వయం

మన దేశంలో రీఫ్‌ను నిర్మించే పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉంది. కాబట్టి పగడాలను, పగడపు శిలలను సముద్రంనుంచి సేకరించమని విస్తరణ సిబ్బంది ఎవరికీ సలహా ఇవ్వరాదు. క్లౌన్ చేపల వంటి అలంకార చేపలను కృత్రిమ శిలలతో పెంచే తొట్లకు మాత్రం పై విధానం యథాతథంగా వర్తిస్తుంది.

ఇందులోని సూత్రం కోస్తా రొయ్యల రైతులకు కొత్తది కాదు. పంట తీసిన తరువాత చెరువు అడుగును పగుళ్లు వచ్చేవరకు ఎండబెట్టి నల్లమట్టిని తొలగించడం, ప్లాస్టిక్ షీట్ పరచిన చెరువులలో మధ్య తూము ద్వారా వ్యర్థాన్ని ఎప్పటికప్పుడు బయటకు పంపడం ఈ ఆలోచనతోనే. పేరుకుపోయిన నల్లమట్టిని రొయ్య ఉండగా కెలికితే ఏమవుతుందో రైతుకు అనుభవమే. చెరువుకు పంటల మధ్య విరామం ఉంటుంది. ఆక్వేరియానికి ఆ విరామం లేదు. అందుకే ఇక్కడ ఓర్పు మరింత అవసరం.

ముగింపు

ఇసుక లేని అడుగు వలన తొట్టి చెడదు; ఇసుకను తొందరపడి తీయడం వలన చెడుతుంది. ప్రత్యామ్నాయ జీవ వడపోతను ముందుగా సిద్ధపరచడం, ఇసుకను భాగాలుగా పీల్చడం, ప్రతి విడత తరువాత అమ్మోనియాను కొలవడం అనే మూడు నియమాలు పాటిస్తే ఈ మార్పును జీవనష్టం లేకుండా పూర్తిచేయవచ్చు. సలహా కోరినవారికి ఇసుక తీసివేయమని చెప్పే ముందు, ఆ ఇసుక చేస్తున్న పనిని రేపటినుంచి ఏది చేస్తుందని అడగడం విస్తరణ శాస్త్రవేత్త తొలి కర్తవ్యం.