ఆపరేషను నాటి స్టెరాయిడు మందు: రొమ్ము కేన్సరు రోగులు తెలిసికొనదగిన సంగతులు

హైదరాబాదు నగరములోని ఎర్రగడ్డ గ్రామ ప్రజలకు కొత్త పేరు కాదు. దగ్గు, ఆయాసము, క్షయ పట్టినవారు అచ్చటి ఛాతీ ఆసుపత్రికి వత్తురు. మనసు చెదరిన తమవారిని తోడ్కొని మానసిక చికిత్సాలయమునకు వచ్చువారు కొందరు. రైతు బజారునకు కూరగాయలు తెచ్చువారు మరికొందరు. ఉబ్బసపు రోగులు వాడు మందులలో స్టెరాయిడు ముఖ్యమైనది కనుక ఛాతీ ఆసుపత్రికి తిరిగినవారికి ఆ మాట పరిచితమే. ఆ జాతి మందునే రొమ్ము కేన్సరుకు ఆపరేషను జరుగు దినమున సూదితో ఎక్కించుట కలదని విన్నప్పుడు పలువురు భయపడుచున్నారు. ‘ఆ సూది ఒంటి బలమును తీసివేయునట, పుండు మానదట, కేన్సరు ఒళ్ళంతయు ప్రాకునట’ అను మాటలు వ్యాపించుచుండును. ఇందులో నిజమెంత, కల్ల ఎంత అనునది ఇచ్చట విచారింతము.

మన మూత్రపిండముల పైన చిన్న టోపీలవలె రెండు గ్రంథులు కలవు. వాటినుండి ప్రతిదినము కార్టిసాల్ అను రసము రక్తములో కలియును. జ్వరము, గాయము, ఆపరేషను వంటి కష్టము కలిగినప్పుడు శరీరము దానిని మరింతగా ఉత్పత్తి చేసికొని నిలద్రొక్కుకొనును. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు దీనిని పోలిన కార్టిసోను అను పదార్థమును కీళ్ళవాతపు రోగికి మొదటిసారి ఇచ్చిరి. మంచము పట్టియున్న మనిషి కొలది దినములలో లేచి నడచెను. 1950లో ఈ పరిశోధనకు నోబెలు బహుమానము లభించినది. తరువాత వచ్చిన డెక్సామెథసోను అంతకంటె చాల శక్తిగలది, వెల తక్కువది. 2020లో కోవిడు వచ్చి ఊపిరాడని రోగులలో ప్రాణములు నిలిపినది ఈ చవుక మందే.

ఆపరేషనుకు దీనితో పని యేమి? ముఖ్యముగా వాంతులను ఆపుట. మత్తు మందు పుచ్చుకొన్నవారికి మెలకువ వచ్చిన పిదప కడుపు త్రిప్పుట, వాంతులగుట నేటివరకును తీరని బాధ. మత్తు విద్యకు మన హైదరాబాదు పాత పుట్టిల్లు. 1888, 1889 సంవత్సరములలో ఎడ్వర్డు లారీ అను రెసిడెన్సీ సర్జను క్లోరోఫారము క్షేమమా కాదా అని తేల్చుటకు ఇచ్చటనే రెండు విచారణ సంఘములను నడిపెను. రెండవదానికి నిజాము ధనసహాయము చేసిరి. లోకములోని తొలి మహిళా మత్తు వైద్యురాండ్రలో ఒకరుగా పేరుపొందిన రూపాబాయి ఫర్దూంజీ ఈ నగరమువారే. మత్తు మందులు నాటికంటె ఎంతో మెరుగుపడినవి గాని వాంతి మాత్రము పోలేదు.

ఎవరికి వాంతి యగునో ముందుగా పోల్చుటకు మత్తు డాక్టరులు నాలుగు గుర్తులు చూతురు: రోగి స్త్రీ యగుట, పొగ త్రాగని వ్యక్తి యగుట, బస్సు ఎక్కినచో కడుపు త్రిప్పు స్వభావము, ఆపరేషను పిదప నొప్పికి మార్ఫిను జాతి మందు ఈయవలసి వచ్చుట. మన గ్రామములనుండి రొమ్ము ఆపరేషనుకు వచ్చు స్త్రీలో ఈ నాలుగును ఉండుట అరుదు కాదు. అందుచే మత్తు ఇచ్చు వేళనే 4 నుండి 8 మిల్లీగ్రాముల డెక్సామెథసోనును ఒక్కసారి ఎక్కించుట వాడుక అయినది. అది నొప్పిని కూడ కొంత తగ్గించును.

భయమునకు కారణము లేకపోలేదు. స్టెరాయిడు శరీరములోని రక్షకదళమును నెమ్మదింపజేయును. అందువలననే ఉబ్బసము శాంతించును. అయితే ఆ రక్షకదళమే పుండులోని క్రిములతోను, రక్తములో తప్పించుకొని తిరుగు కేన్సరు కణములతోను పోరాడవలసినది గదా! పుండు సంగతి మొదట చూతము. ఆస్ట్రేలియా మొదలగు దేశములలో పెద్ద ఆపరేషనులు జరిగిన 8,725 మందిని పరిశీలించి, ఫలితమును 2021లో ప్రకటించిరి. సగము మందికి 8 మిల్లీగ్రాముల డెక్సామెథసోను, తక్కినవారికి మందులేని సూది ఇచ్చిరి. నెల దినములలో కోత చెడినవారు మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 8.1, పుచ్చుకొననివారిలో 9.1. అనగా ఒక్క మోతాదు వలన పుండు చెడుట హెచ్చలేదు. ఆ పరిశీలనలో మధుమేహ రోగులు కూడ ఉండిరి.

కేన్సరు సంగతి ఇంత తేలికగా తెగునది కాదు. 2019లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఎలుకలలో రొమ్ము కేన్సరును పెంచి పరీక్షించి, స్టెరాయిడు ప్రభావము ఆ రోగము ఇతర అవయవములకు ప్రాకుటకు తోడ్పడుచున్నదని చూపిరి. పుకార్లకు ఇటువంటి వార్తలే ఊపిరి. కాని ఎలుకకు దినదినము మందు తగులుట వేరు, మనిషికి ఆపరేషను దినమున ఒక్కసారి తగులుట వేరు. ఆపరేషను అయిన స్త్రీల పాత రికార్డులను తిరుగవేసి, సూది పుచ్చుకొన్నవారిని పుచ్చుకొననివారితో పోల్చి చూచిన వైద్యులకు ఒక్క మోతాదు వలన వ్యాధి తిరుగబెట్టుట హెచ్చినదను నిరూపణ దొరకలేదు. రికార్డుల లెక్క చీట్లు వేసి చేసిన పరీక్షతో సమానము కాదని మేము ఒప్పుకొందుము. అయినను నేటివరకు తేలినంతలో, ఆ సూదికి జడిసి ఆపరేషను మానుకొనుట గడ్డిపామునకు వెరచి నూతిలో దుముకుట వంటిది.

ఆపరేషను ముందు ఇచ్చు హార్మోను సూది విషయమున మన దేశములోనే గొప్ప ప్రయత్నము జరిగినది. ప్రొజెస్టిరోను అను స్త్రీ హార్మోనుకూడ స్టెరాయిడు కుటుంబములోనిదే గాని పైన చెప్పిన మందు చేయు పని అది చేయదు. బొంబాయి టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు రాజేంద్ర బడ్వే గారి నాయకత్వమున 1,000 మంది రొమ్ము కేన్సరు స్త్రీలను తీసికొని, సగము మందికి ఆపరేషనుకు 5 నుండి 14 దినముల ముందు ఈ జాతి సూదిని 500 మిల్లీగ్రాములు ఒకేసారి ఇచ్చిరి. ఫలితము 2011లో వెలువడినది. అందరిని కలిపి చూచినచో చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. చంకలోని బిళ్ళలకు వ్యాధి ప్రాకిన స్త్రీలను మాత్రమే వేరుచేసి చూడగా, ఐదేండ్లకు వ్యాధి తిరుగబెట్టక బ్రతికియున్నవారు సూది పుచ్చుకొన్న వర్గమున నూటికి 65.3, పుచ్చుకొనని వర్గమున 54.7. ఆశ గొలుపు సంగతియే గాని, మొత్తములో కనబడని మేలు ఒక భాగమున కనబడినప్పుడు దానిని మరల పరీక్షింపక నమ్మరాదు. కనుక ఈ సూది వాడుకలోనికి రాలేదు.

ఆ ఆసుపత్రివారే పూనుకొని మన దేశపు పలు ఆసుపత్రులలో 1,600 మంది స్త్రీలపై మరియొక పరీక్ష నడిపి 2023లో ప్రకటించిరి. కోతకు కొద్ది నిమిషముల ముందు గడ్డ చుట్టును పంటి డాక్టరు వాడు లిగ్నోకైను వంటి తిమ్మిరి మందును ఎక్కించిరి. ఐదేండ్లకు బ్రతికియున్నవారు అట్లు చేసినవారిలో నూటికి 90.1, చేయనివారిలో 86.4. ఇంత చవుక మందుతో అంత ప్రయోజనమన్న సంతోషింపదగినదే.

ఇక మా దృష్టిలో అసలు ప్రమాదము ఆసుపత్రిలో ఇచ్చు ఒక్క సూదిలో లేదు. ఆసుపత్రికి రాకముందు ఊరిలో నెలల తరబడి వాడిన స్టెరాయిడులో ఉన్నది. కీళ్ళనొప్పికి, నడుము నొప్పికి, దురదకు, నీరసమునకు కొందరు ఆర్.ఎం.పి.లు సూది వేయుదురు, పేరులేని గోలీలు పొట్లము కట్టి ఇత్తురు. వెంటనే హాయిగా ఉండును. ‘చేతివాసి మంచిది’ అని పేరు వచ్చును. ఇట్లు చాలకాలము బయటినుండి మందు వచ్చుచుండిన, మూత్రపిండములపై గ్రంథులు తమ పని మానుకొనును. ముఖము గుండ్రముగా ఉబ్బును, చర్మము పలుచబడును, చక్కెర పెరుగును. అట్టి మనిషికి మందు హఠాత్తుగా ఆపి ఆపరేషను చేసినచో, కష్టకాలమున కావలసిన కార్టిసాలు ఉత్పత్తి గాక రక్తపోటు పడిపోవచ్చును. కార్టిసోను వాడుచుండిన 34 ఏండ్ల యువకుడొకడు దానిని ఆపి ఆపరేషను చేయించుకొని ఇట్లే మరణించినట్లు 1952లో అమెరికా వైద్యపత్రికలో ప్రకటింపబడినది. నాటినుండి ఇట్టి రోగులకు ఆపరేషను సమయమున స్టెరాయిడును అదనముగా ఇచ్చి కాపాడుట వైద్యులు నేర్చిరి. అయితే రోగి చెప్పినగదా వారికి తెలియుట! అత్త యెదుట చెప్పుటకు సిగ్గుపడియో, డాక్టరు కోపించునని వెరచియో దాచిపెట్టుట ప్రాణముమీదికి తెచ్చుకొనుటయే. ఆయుర్వేదమని, మూలికలని చెప్పి ఇచ్చిన పొడులలో కూడ స్టెరాయిడు కలిపినవి పట్టుబడుట కలదు కనుక వాటిని కూడ చెప్పవలయును.

మధుమేహము గలవారు మరియొక జాగ్రత్త పాటింపవలయును. ఒక్క మోతాదు డెక్సామెథసోను సయితము ఒకటి రెండు దినములు చక్కెరను పెంచును. ఆపరేషను పిదప కీమో మందులు ఎక్కించునప్పుడు కూడ వాంతులకు, మందు పడకపోవుటకు ముందు జాగ్రత్తగా ఇదే గోలీని ఇత్తురు. ఆ దినములలో నిద్రపట్టదు, ఆకలి హెచ్చును. ఇది రోగము ముదురుట కాదు. (కీమోలో కొంతకాలము మేటిగా వాడిన మెథోట్రెక్సేటు మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందము కృషివలన వచ్చినదని ఎందరెరుగుదురు?)

మన దేశమున 2022లో సుమారు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము కేన్సరు కనబడినట్లును, 98,000 మంది మరణించినట్లును అంతర్జాతీయ అంచనా. చనిపోవువారి లెక్క ఇంత హెచ్చుగా ఉండుటకు ముఖ్య కారణము ఆలస్యముగా వచ్చుటయే. నొప్పిలేని గడ్డను కూడ చూపించుకొనవలెను. ఎర్రగడ్డలో మెట్రో రైలు ఎక్కినచో నాలుగవ స్టేషను పంజాగుట్ట. 1964లో ఎముకల ఆసుపత్రిగా మొదలైన నిమ్సు అచ్చట కలదు. ఏడవ స్టేషను లక్డీకాపూల్. దానికి దగ్గరలోని రెడ్‌హిల్సులో 1955లో స్థాపింపబడిన మెహదీ నవాజ్ జంగు కేన్సరు ఆసుపత్రి కలదు. అర్హులైన కుటుంబములకు ఆరోగ్యశ్రీ పథకము వర్తించును. తెలంగాణములో దాని పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచబడినది. పోవునప్పుడు ఆధారు, రేషను కార్డులతోపాటు గడచిన సంవత్సరమున వాడిన మందుల చీటీలను, ఖాళీ గోలీ పట్టీలను, పొట్లములను ఒక సంచిలో వేసికొని పోయి మత్తు డాక్టరుకు చూపవలయును. స్టెరాయిడు వాడుచున్నవారు తమంతట తాము ఆపక, ఎప్పుడు ఎట్లు తగ్గింపవలెనో ఆయననే అడుగవలయును.