ముందు నిశ్శబ్దం కొనండి: ఇంటి రికార్డింగుపై ప్రశ్నలు - జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం బద్వేలు చుట్టుపక్కలవే. బ్రహ్మంగారి మఠం పక్కనే ఉంది కదా, ఆశ్చర్యమేం లేదు. తత్వాలు పాడే పెద్దవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు. వాళ్ల పాట పట్టుకోవాలని మనవళ్లు కంప్యూటర్ల అంగళ్ల చుట్టూ తిరుగుతున్నారు. అందుకే ఈ వారం శీర్షిక మొత్తం వాళ్లకే.

ప్రశ్న: మా జేజినాయన తంబూర పట్టుకుని తత్వాలు పాడతాడు. ఎనభై దాటినాయి. ఇంట్లోనే రికార్డు చేద్దామని కంప్యూటర్ కట్టించాలనుకుంటున్నా. అంగడాయన గేమింగ్ మిషను తీసుకోమంటున్నాడు. గ్రాఫిక్స్ కార్డుకే పాతికవేలంట. నా దగ్గర ఉండేది మొత్తం అరవై వేలు. ఏం చేయాల?
- డిగ్రీ విద్యార్థి, బద్వేలు

జవాబు: ఆ పాతికవేలు జేబులోనే ఉండనీండి. గ్రాఫిక్స్ కార్డు పని బొమ్మలు గీయడం, పాటకు దానితో అవసరం లేదు. పైగా దాని ఫ్యాన్ల హోరంతా మీ జేజినాయన గొంతు వెనకాల వినబడుతుంది. రికార్డింగుకు చప్పుడు చేయని మిషనే మంచి మిషను.

ఆరు కోర్ల ప్రాసెసర్ చాలు, ఇంటెల్ కోర్ ఐ5 గానీ ఏఎండీ రైజెన్ 5 గానీ. ఇంటెల్‌లో పేరు చివర 'ఎఫ్' అక్షరం ఉన్నది తీసుకోకండి. దాని లోపల గ్రాఫిక్స్ ఉండదు, తెర వెలగాలంటే మళ్లీ కార్డు కొనాల్సిందే. రైజెన్‌లో చివర 'జీ' ఉన్నది అడగండి. ర్యామ్ 16 జీబీ, ఎనిమిదెనిమిదిగా రెండు ముక్కలు. పాట దాచడానికి 500 జీబీ ఎస్‌ఎస్‌డీ. అందులో తిరిగే పళ్లెం లేదు కాబట్టి గుర్రుమనదు. పవర్ సప్లై 450 వాట్లది, 80 ప్లస్ గుర్తున్నది చూసుకోండి. క్యాబినెట్‌కు చిన్న ఫ్యాన్లు నాలుగు పెట్టే బదులు 120 మిల్లీమీటర్లవి రెండు పెట్టించండి. పెద్ద రెక్క నిదానంగా తిరిగినా గాలి చాలినంత తోస్తుంది, గోల తక్కువ.

ఒక లెక్క చెబుతా. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో ఒక మైకు పాట నిమిషానికి 8.64 ఎంబీ. రెండు మైకులతో గంట పాడితే సుమారు 1 జీబీ. ఇది ఐదారేళ్ల నాటి ఆఫీసు కంప్యూటర్ కూడా అవలీలగా మోసే బరువు. కాబట్టి ఉన్న డబ్బులో సగానికి మించి మిషను మీద పెట్టకండి. మిగతాది మైకును కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, మైకు, హెడ్‌ఫోన్లు, యూపీఎస్‌లకు కావాలి. మానిటర్ కొనే బదులు ఇంట్లో టీవీకే హెచ్‌డీఎంఐ వైరు తగిలించండి. సాఫ్ట్‌వేర్‌కు ఆడాసిటీ ఉంది, ఉచితం.

మైకు డైనమిక్ రకం తీసుకోండి. 1966 నుంచి వేదికల మీద కనబడే షూర్ ఎస్ఎం58 ఆ రకమే. కండెన్సర్ మైకుకు చెవులు జాస్తి. పక్కింటి కోడి, వీధిలో ఆటో అన్నీ వింటుంది. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కూడా ఇవ్వాలి.

ప్రశ్న: కంప్యూటర్ కొత్తది, మైకు కొత్తది. అయినా పాట వెనకాల గుయ్యిమని ఒకటే శబ్దం. క్యాబినెట్ మీద చెయ్యి పెడితే జుమ్మంటుంది. మైకు మార్చాలా?
- టైలర్, పోరుమామిళ్ల

జవాబు: మైకును ఏమనకండి, తప్పు గోడలో ఉంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఎర్తు సరిగా లేకుంటే ఆ ఊపు క్యాబినెట్ ఇనుములోకి, అక్కడి నుంచి ఆడియో తీగల్లోకి ఎక్కుతుంది. గుయ్యికీ జుమ్ముకూ కారణం ఒకటే.

మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. పాత మిద్దెల్లో ఆ మూడో రంధ్రం వెనక తీగే లేకపోవచ్చు. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి. తీగ ఉందంటే పెరట్లో ఎర్తు గుంత దగ్గరికి వెళ్లండి. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఆ గుంతలో తడి ఉంటేనే కరెంటు నేలలోకి దిగుతుంది. మన నేల ఉగాది దాటితే నెర్రెలిచ్చేస్తుంది. వేసవి పోయేదాకా రెండు మూడు రోజులకొక బిందె నీళ్లు అందులో పోయండి. మైకు మార్చే ఖర్చుతో పోలిస్తే బిందె నీళ్లు ఎంత!

ఇంకోమాట. కరెంటు పోయినప్పుడు గుయ్యి పెరుగుతోందా? అయితే మీ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకం కావచ్చు. కంప్యూటర్‌కు ప్యూర్ సైన్ వేవ్‌దే మేలు. లేదంటే కరెంటు ఉన్నప్పుడు మాత్రమే రికార్డు చేయండి. మధ్యలో పోతే ఫైలు దాచి మిషను ఆపేంత సేపు యూపీఎస్ నిలబడితే చాలు.

ప్రశ్న: హెడ్‌ఫోన్లో నా గొంతు నాకే ఆలస్యంగా వినబడుతోంది. తాళం తప్పుతున్నా. ప్రాసెసర్ చాలడం లేదా?
- అధ్యాపకురాలు, మైదుకూరు

జవాబు: ప్రాసెసర్ నేరం కాదమ్మా. కంప్యూటర్ పాటను చుక్క చుక్కగా మోయదు, బిందెలు నింపి మోస్తుంది. ఆ బిందెనే బఫర్ అంటారు. 1024 శాంపిళ్ల బిందె నిండడానికి 48 కిలోహెర్ట్జ్‌లో 21 మిల్లీసెకన్లు. లోపలికి ఒక బిందె, బయటికి ఒక బిందె. కలిపితే 42, తాళం తప్పక ఏం చేస్తుంది? సెట్టింగుల్లో 128కి దించండి. అప్పుడు ఒక్కో బిందెకు 3 మిల్లీసెకన్లు కూడా పట్టదు. మీటరు దూరంలో కూర్చున్న డోలక్ చప్పుడు మీ చెవికి చేరడానికి పట్టే సమయం కూడా ఇంచుమించు అంతే. మరీ చిన్న బిందె పెడితే మిషను ఉక్కిరిబిక్కిరై పాట టిక్కుటిక్కుమని తెగుతుంది. పాడేటప్పుడు 128, తర్వాత మిక్సింగుకు కూర్చున్నప్పుడు 1024, ఇదీ పద్ధతి.

విండోస్‌లో ఇంటర్‌ఫేస్ కంపెనీవాళ్లిచ్చే ఏసియో డ్రైవర్ వేసుకోండి, ఆలస్యం తగ్గించడానికే అది. దాన్ని వాడుకోగలిగే సాఫ్ట్‌వేర్ కూడా ఉండాలి. రీపర్ వాడుకుంటుంది, 60 రోజులు డబ్బు కట్టకుండా చూడొచ్చు. పాడేటప్పుడు వైఫై ఆపండి. ఇవేవీ వద్దనుకుంటే ఇంటర్‌ఫేస్ మీద 'డైరెక్ట్ మానిటర్' మీట ఉందేమో చూడండి. అది నొక్కితే మీ గొంతు కంప్యూటర్‌దాకా పోకుండానే చెవికి వస్తుంది.

ప్రశ్న: మాది కడప బండలు పరిచిన మిద్దె. పాడితే బావిలో పాడినట్టుంది. మే నెలలో ఫ్యాను ఆపితే కూర్చోలేం, వేస్తే రికార్డులో టపటప. ఏసీ పెట్టించాలా?
- భజన బృందం, బ్రహ్మంగారి మఠం

జవాబు: ఏసీ కూడా మీతోపాటు పాడుతుంది, వద్దు. కడప బండ నునుపు, గోడ నునుపు, కప్పు నునుపు. శబ్దం ఎక్కడా ఇంకదు, బంతిలా తిరిగొస్తుంది. రెండు నులక మంచాలు నిలబెట్టి వాటి మీద బొంతలు కప్పండి. ఒకటి పాడేవాళ్ల వీపు వెనక, ఇంకొకటి మైకు వెనక. కింద జంపఖానా రెండు మడతలు పరవండి. ఇప్పుడొక చప్పట కొట్టి వినండి. ఇందాక 'టంగ్'మన్న గది 'టప్'మనాలి. అనకుంటే ఇంకో బొంత తెండి.

కంప్యూటర్‌ను, ఇంటర్‌ఫేస్‌ను పక్క గదిలో పెట్టి తలుపు వేయండి. మైకు కేబుల్ మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ రకమైతే పది మీటర్లు లాగినా ఏమీ కాదు. యూఎస్‌బీ వైరును మాత్రం అంత పొడుగు లాగకండి. ఇక ఫ్యాను సంగతి. తెల్లవారి నాలుగున్నరకు మొదలుపెట్టి ఎండెక్కకముందే ముగించండి. ఆ వేళ ఫ్యానూ అక్కర్లేదు, వీధిలో బండ్లూ ఉండవు. ముందు పాడేవారికి ఒక మైకు, వంత బృందానికి ఒకటి చాలు. తాళాలవాళ్లు మాత్రం రెండడుగులు వెనక్కి కూర్చోవాలి.

ప్రశ్న: మా నాయన వేసిన బ్రహ్మంగారి నాటకం క్యాసెట్లు పదిహేను ఉన్నాయి. కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే ఇక భద్రమేనా?
- గృహిణి, అట్లూరు

జవాబు: ఎక్కించడం సులువు. క్యాసెట్‌ను ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ మొదటికి తెండి. టేపు రికార్డర్ హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవండి. స్పీకర్ ముందు మైకు పెట్టకండి. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు తెచ్చి ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌లో పెట్టండి. 60 నిమిషాల క్యాసెట్‌కు గంట పడుతుంది, దగ్గరి దారి లేదు. వేవ్ ఫైలుగా దాచండి. ఎంపీ3 వాట్సాప్‌లో పంపుకోవడానికే.

భద్రమా అంటే, ఒక్క చోట ఉన్నది భద్రం కాదు. నేనూ ఒకప్పుడు ఒకే హార్డ్‌డిస్కును నమ్ముకున్నా. ఒక పొద్దున అది పలకలేదు. అందులో పాడిన పెద్దాయన అప్పటికే లేడు. మూడు కాపీలు ఉంచండి. మూడోది వేరే ఊళ్లో, మీ ఆడబిడ్డ ఇంట్లోనో అన్న ఇంట్లోనో ఉండాలి.

మన తాళ్లపాక అన్నమయ్య పాటలు రాగిరేకులకెక్కి తిరుమలలో వందల ఏళ్లు నిలిచాయి. రేకుల మీద మాట ఉంది, రాగం పేరుంది. ఆయన పాడిన వరస మాత్రం లేదు. ఇవాళ మనం వినేవి చాలావరకు తర్వాతివాళ్లు కట్టిన వరసలే. మీ క్యాసెట్లలో ఉన్నది, రాగి మీదకు ఎక్కని ఆ వరసే.

చివరగా అందరికీ ఒక చిన్న పని. కొత్తగా రికార్డు చేసేవాళ్లు పాటకు ముందు పాడే మనిషి చేతే ఆయన పేరు, ఊరు, తేదీ, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చెప్పించండి. ఫైలు పేరు ఎప్పుడైనా మారిపోవచ్చు. గొంతుతో చెప్పిన మాట పాటను విడిచి ఎక్కడికీ పోదు.