విదేశీయాన రొట్టె పట్టుకున్న తర్వాత

మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు నిండా మనుషులే. బారాషహీద్ దర్గా రొట్టెల పండగలో ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె ఉంటుంది. ఆరోగ్య రొట్టె, వివాహ రొట్టె, విద్యా రొట్టె, ఉద్యోగ రొట్టె, వాటి పక్కనే విదేశీయాన రొట్టె. కోరిక తీరినవాళ్ళు నీళ్ళలో నిలబడి రొట్టె వదులుతారు, కోరిక ఉన్నవాళ్ళు పట్టుకుంటారు. నీది ఏ మతమని అడిగేవాళ్ళు ఉండరు. వీసా వచ్చేదాకా సంగతి రొట్టె చూసుకుంటుందనే అనుకుందాం. వీసా వచ్చి, పదిహేడో పద్దెనిమిదో ఏళ్ళ పిల్ల విమానం దిగి, భాష రాని ఊళ్ళో హాస్టల్ గది తలుపు వేసుకున్నాక? కన్సల్టెన్సీ బ్రోచర్‌లో ఆ పేజీ ఉండదు.

నెల్లూరు తీరాన మైపాడు, ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు నుంచి ఈ వయసులో బయటి దేశం వెళ్ళాలంటే ఎక్కువగా కనిపించే దారి ఎంబీబీఎస్. ఇంటర్ బైపీసీ అయింది, నీట్‌లో క్వాలిఫై అయ్యారు, ఇక్కడ గవర్నమెంట్ సీటు రాలేదు, ప్రైవేటు ఫీజు అందలేదు. ఇక మిగిలినవి జార్జియా, కిర్గిజ్‌స్తాన్, రష్యా. తీరం ఇళ్ళలో ఆ ఫీజుకు ఆధారం చాలాసార్లు రొయ్యల గుంటే. వైట్ స్పాట్ తెగులు తగిలితే పంట మొత్తం పోతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచితే ఆ దెబ్బ ఇక్కడి రొయ్యల కౌంట్ ధరలకూ తగిలింది. ఇదంతా చూస్తూ పెరిగిన పిల్లలకు ఒంటరితనం కంటే పెద్ద భయం మరొకటి ఉంటుంది: ‘నేను ఫెయిలైతే నాన్న ఏం కావాలి?’ అందుకే మార్కులు తగ్గినా, జ్వరం వచ్చినా, ఫోన్లో ‘బానే ఉన్నా నాన్నా’ అంటారు. ధైర్యం గురించి మాట్లాడాలంటే ఈ అబద్ధం దగ్గర మొదలుపెట్టాలి.

మైపాడు ఉన్న ఇందుకూరుపేట మండలంలోనే, పెన్న ఒడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ఉంది. 1921 ఏప్రిల్ 7న దాన్ని ప్రారంభించింది గాంధీజీ. దక్షిణాఫ్రికాలో ఆయనకు స్నేహితుడైన పార్సీ రుస్తుంజీ ఇచ్చిన 10 వేల రూపాయలతో అక్కడ భవనం లేచింది. పిల్లల్ని అక్కడికి విహారయాత్రకు తీసుకెళ్ళే మాస్టర్లు ఉప్పు సత్యాగ్రహం గురించి చెబుతారు. విదేశం వెళ్ళబోయే పిల్లలకు మాత్రం ఆశ్రమం కంటే ముప్పై ఏళ్ళకు పైగా ముందటి గాంధీ కథ పనికొస్తుంది.

1888 సెప్టెంబరు 4న బొంబాయిలో ఓడ ఎక్కేనాటికి ఆయనకు ఇంకా 19 నిండలేదు. మద్యం, మాంసం, పరస్త్రీ జోలికి పోనని తల్లి ఎదుట ఒట్టు పెట్టాకే ప్రయాణం. ఓడలో ఇంగ్లిషు మాట్లాడాలంటే బిడియం. ముళ్ళగరిటె పట్టడం రాదు, ఏ వంటకంలో మాంసం ఉందో అడగడానికి నోరు రాదు. దాంతో వెంట తెచ్చుకున్న మిఠాయిలు, పళ్ళు తింటూ కేబిన్‌లోనే గడిపారు. లండన్ చేరాక రాత్రిళ్ళు ఇల్లు గుర్తొచ్చి ఏడ్చేవారు. ఆ తర్వాత కొన్నాళ్ళు దొర వేషం: 19 షిల్లింగుల టోపీ, డాన్సు పాఠాలు, వయొలిన్. మూడు నెలల్లో అదీ చాలించారు. లండన్ మెట్రిక్యులేషన్‌లో లాటిన్ తప్పి రెండోసారి గట్టెక్కారు. శాకాహార సంఘం కార్యవర్గంలో చేరి కూడా, రాసుకొచ్చిన కాగితం లేచి చదవలేకపోతే ఇంకొకరు చదివారు.

మరి నిలబెట్టిందేమిటి? వీరోచితమైనదేమీ లేదు. ఆకలితో వీధులు తిరుగుతూ ఫారింగ్‌డన్ స్ట్రీట్‌లో ఒక శాకాహార భోజనశాల కనిపెట్టారు. అక్కడే హెన్రీ సాల్ట్ పుస్తకం కొన్నారు. అంతవరకు అమ్మకిచ్చిన మాట కోసం మానేసిన మాంసాన్ని, ఆ పుస్తకం చదివాక తన నమ్మకంతో మానేశారు. పైసా పైసాకూ లెక్క రాసుకున్నారు. బండి ఖర్చు మిగుల్చుకుని మైళ్ళకొద్దీ నడిచారు. ఒంటి గదికి మారి ఓట్స్ జావ కాచుకున్నారు. రెండో ఏడాది చివర్లో ఇద్దరు థియోసఫిస్టు అన్నదమ్ములు గీత చదువుదాం రమ్మంటే, సంస్కృతంలో గానీ గుజరాతీలో గానీ అప్పటిదాకా చదవలేదని సిగ్గుపడుతూ వాళ్ళతో కూర్చుని ఇంగ్లిషు అనువాదం చదివారు. తన ఇంటి పుస్తకం ఆయనకు పరాయి దేశంలో, పరాయి భాషలో దొరికింది! కడుపు నింపే చోటు, కలిసి కూర్చునే నలుగురు, రోజూ చేసే చిన్న పని, ఈ మూడూ కుదిరాకే భక్తైనా ధైర్యమైనా వచ్చింది.

పిల్లలకు ఇక్కడినుంచే నేర్పగలిగినవి ఇవే. అన్నం, పప్పు, చారు వండటం టికెట్ కొనేముందే రావాలి. నమాజు చేసే అబ్బాయి అక్కడ ప్రార్థన గది ఎక్కడుందో, ఆదివారం చర్చికి వెళ్ళే అమ్మాయి తెలుగు ప్రార్థన కూటం ఉందో లేదో సీనియర్లను ముందే అడిగి పెట్టుకోవాలి. ఇంట్లో రోజూ దీపం పెట్టే అలవాటున్నవాళ్ళకు హాస్టల్లో నిప్పు అంటించడం కుదరకపోవచ్చు, ఆ పదినిమిషాలు కళ్ళు మూసుకు కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. దేవుడంటే నమ్మకం లేని పిల్లలకైనా వేళకు చేసే పని ఒకటి ఉండాలి.

తోటివాళ్ళ అండ సంగతికి మన దగ్గరే మరో ఉదాహరణ ఉంది. బరంపురం తెలుగు కుటుంబంలో పుట్టిన వి.వి. గిరి 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. పంతొమ్మిదేళ్ళ ఈడు. అక్కడ తోటి భారతీయ విద్యార్థులే ఆయన లోకం. ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాటం చూసి రాజకీయం వంటబట్టింది. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత దేశం విడిచి వెళ్ళమన్న ఉత్తర్వు అందుకుని తిరిగొచ్చారు. తర్వాత కార్మిక నాయకుడిగా ఎదిగి, 1969లో రాష్ట్రపతి అయ్యారు.

చరిత్ర ఇంతటితో చాలు, ఇప్పటి కష్టాలు వేరు. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైనప్పుడు మన పిల్లలు ఖార్కివ్ బంకర్లలో, మెట్రో స్టేషన్లలో తలదాచుకున్నారు. పోలండ్, రుమేనియా, హంగరీ సరిహద్దులు దాటాక ‘ఆపరేషన్ గంగ’ విమానాలు వాళ్ళను ఇంటికి చేర్చాయి. ఖార్కివ్‌లో కర్ణాటక విద్యార్థి ఒకరు ప్రాణం కోల్పోయారు. 2024 మే నెలలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ళ మీద అల్లరి మూకలు పడితే, గదులు దాటి రావద్దని మన ఎంబసీ చెప్పాల్సి వచ్చింది. కాబట్టి దిగిన వారంలోనే విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో పేరు నమోదు చేయాలి. ఎంబసీ ఎమర్జెన్సీ నెంబరు ఫోన్లోనే కాదు, కాగితం మీదా ఉండాలి. పాస్‌పోర్ట్ కాపీ ఇంట్లో ఒకటి, జేబులో ఒకటి. ఆపదలో ఉన్న భారతీయుల కోసం ఎంబసీల్లో సంక్షేమ నిధి ఉంటుంది. దాన్ని అడగడానికి నామోషీ పడక్కర్లేదు.

ఇక జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) నిబంధనలు. ఎన్‌ఎంసీ 2021 నవంబరు రెగ్యులేషన్ల ప్రకారం విదేశీ కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లిషులో జరగాలి, 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా అదే సంస్థలో చేయాలి. తిరిగొచ్చాక స్క్రీనింగ్ పరీక్ష ఎఫ్‌ఎంజీఈలో 300 ప్రశ్నలకు 150 మార్కులు తెచ్చుకోవాలి, ఆపైన ఇక్కడ మరో ఏడాది ఇంటర్న్‌షిప్. ఏజెంటు చెప్పే కాలేజీ ఈ కోర్సు నిబంధనల్లో ఏ ఒక్కటి తప్పినా ఆ డిగ్రీతో ఇక్కడ ప్రాక్టీసు పెట్టలేరు. పాఠం ఇంగ్లిషులో సాగినా వార్డులో పేషెంటు మాట్లాడేది రష్యనో, జార్జియనో. మొదటి ఏడాది ఆ భాషను తేలిగ్గా తీసుకున్నవాళ్ళు క్లినికల్ సంవత్సరాల్లో మంచం పక్కన నోరు మెదపలేక నిలబడిపోతారు. ఆత్మవిశ్వాసం పోయేది సరిగ్గా అక్కడే.

డబ్బు అడ్డమైన పిల్లలకు ఇంకో దారి ఉంది, ఊళ్ళలో దీని గురించి తెలిసింది తక్కువ. అమెరికా ప్రభుత్వ ఖర్చుతో నడిచే కెన్నెడీ–లుగార్ యూత్ ఎక్స్ఛేంజ్ కింద హైస్కూలు పిల్లలు ఏడాదిపాటు అక్కడి కుటుంబంతో ఉండి, అక్కడి బడిలో చదివి రావచ్చు. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు కూడా దీనికి ఎంపికై వెళ్ళొచ్చారు. ఏడాదికి తిరిగి రావడం ఖాయం గనుక ఇంట్లో అప్పు భయం ఉండదు, తన వల్ల అవుతుందో కాదో పిల్లలకే తెలిసిపోతుంది.

తల్లిదండ్రుల వంతు ఫోన్ దగ్గర ఉంది. ‘ఎలా ఉన్నావు’ అంటే ‘బానే ఉన్నా’ అనే వస్తుంది. ఈరోజు ఏం వండావు, ఎవరితో తిన్నావు, ఏ సబ్జెక్టు కొరుకుడు పడటం లేదు అని అడిగితే అసలు మాట బయటపడుతుంది. గుంటలో నష్టం వచ్చిన రోజు ఆ సంగతి పిల్లలకు దాచకుండా చెప్పే ఇంట్లో, పరీక్ష తప్పిన సంగతి పిల్లలూ దాచరు. పదిహేడేళ్ళకు మనసు ఇంకా సిద్ధంగా లేదనిపిస్తే తొందరపడే పనిలేదు: నీట్ ఫలితం విదేశీ ప్రవేశానికి మూడేళ్ళు చెల్లుతుంది.