ఇష్టమైనదాన్ని విడిచినప్పుడే త్యాగం

కాశీ, గయ యాత్ర చేసినవారు తమకు ప్రీతికరమైన ఒక పండునో, కాయనో విడిచిపెట్టడం మన తెలుగువారిలో తరతరాలుగా వస్తున్న ఆచారం. గయలో అక్షయవటం వద్ద పితృదేవతలను స్మరించి, ఇక ఈ జన్మలో దానిని భుజించబోమని సంకల్పం చెప్పుకుంటారు. కొన్నేళ్ల క్రితం నేనూ ఆ యాత్ర చేశాను. నేను విడిచిపెట్టినది కాకరకాయ. నిజానికి చిన్ననాటి నుంచి కాకరకాయ కూర నాకు గిట్టదు. ఇష్టం లేనిదాన్ని విడిచి, త్యాగం చేశానన్న తృప్తితో ఇంటికి చేరుకున్నాను. ఆ తృప్తి ఎంత బోలుదో మా తండ్రిగారి ఆబ్దికం నాడు తెలిసివచ్చింది.

నాకు 40 ఏళ్లుగా కాఫీ అలవాటు. తెల్లవారుజామున ఒకటి, పదకొండు గంటలకు ఒకటి, సాయంత్రం మరొకటి. ఆబ్దికం నాడు భోక్తల భోజనం, పిండప్రదానం పూర్తయ్యే వరకు కర్త ఉపవాసం ఉండాలి. శ్రాద్ధకర్మ జరిగేది అపరాహ్ణ కాలంలో. అంటే ముందురోజు సాయంత్రం తాగిన కాఫీయే చివరిది. మధ్యాహ్నం అయ్యేసరికి తల పగిలిపోతున్నంత నొప్పి మొదలైంది. మంత్రాలు చెవిన పడుతున్నా మనస్సుకు ఎక్కలేదు. తండ్రిని వసురూపునిగా, తాతను రుద్రరూపునిగా, ముత్తాతను ఆదిత్యరూపునిగా భావించి గోత్రనామాలు చెప్పవలసిన చోట, మా ముత్తాతగారి పేరు నాకు గుర్తుకు రాలేదు. పురోహితులు రెండుసార్లు అడిగారు. నేను విసుగుతో, "కాస్త త్వరగా కానివ్వండి శాస్త్రిగారూ" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. వంటింటి గడప దగ్గర నిలబడి ఉన్న మా అమ్మగారు మాత్రం తలవంచుకొని లోపలికి వెళ్లిపోయారు.

ఆ రాత్రి నిద్ర పట్టక భగవద్గీత 18వ అధ్యాయం తెరిచాను. త్యాగం మూడు విధాలని భగవానుడు అక్కడ బోధించాడు. శరీరానికి కష్టమన్న భయంతో చేయవలసిన కర్మను విడవడం రాజసమనీ, అందువల్ల త్యాగఫలం లభించదనీ హెచ్చరించాడు. నేను కర్మను విడవలేదు. తలనొప్పికి లొంగి అందులోని శ్రద్ధను విడిచాను. శ్రద్ధతో చేసేది కనుకనే అది శ్రాద్ధమైంది. ఆ శ్రద్ధే పోయాక మిగిలినదేమిటి?

కాఫీ తాగడం పాపమని చెప్పడం నా ఉద్దేశం కాదు. మన అరకు కొండలలో ఎన్నో గిరిజన కుటుంబాలకు కాఫీతోట జీవనాధారం. ఇంటికి వచ్చిన అతిథికి కాఫీ ఇవ్వడం మన మర్యాద. దోషం పానీయంలో లేదు. అది లేనిదే ఒక పూట కూడా నిలవలేని నా మనస్సులో ఉంది.

ఆ బలహీనతకు శారీరక కారణమూ ఉంది. మెదడులో మగతను కలిగించే అడినోసిన్ అనే పదార్థం పనిచేయకుండా కాఫీలోని కెఫీన్ అడ్డుకుంటుంది. నిత్యం తాగేవారి శరీరం దానికి అలవాటుపడుతుంది. హఠాత్తుగా మానితే సాధారణంగా 12 నుంచి 24 గంటలలో తలనొప్పి, మగత, చిరాకు మొదలవుతాయి. మొదటి రెండు రోజులు బాధ అధికంగా ఉండి, 9 రోజులలోపు చాలామందికి తగ్గిపోతుంది. అందుచేత ఒక్కసారిగా కాక, క్రమంగా తగ్గించుకోవడమే మేలు.

చంచలమైన మనస్సు అభ్యాసంతో, వైరాగ్యంతో వశమవుతుందని గీత 6వ అధ్యాయం చెబుతుంది. నేను ఆ మార్గాన్నే అనుసరించాను. మొదటి వారం సాయంత్రపు కాఫీ మానాను. రెండవ వారం పదకొండు గంటలది మానాను. ఆ తరువాత ఉదయపు కాఫీలో డికాక్షన్ రోజురోజుకూ తగ్గిస్తూ, చివరికి శొంఠి, ధనియాల కషాయానికి మారాను. తలనొప్పిని భరించడం కష్టం కాలేదు. ఫిల్టరులో డికాక్షన్ దిగే ఆ వేకువ సమయాన్ని ఏం చేసుకోవాలో తెలియకపోవడమే కష్టమైంది. ఆ సమయంలో పూజగదిలో కూర్చుని విష్ణుసహస్రనామం పారాయణ చేయసాగాను. మొదట్లో నోరు నామాలు పలుకుతున్నా, ముక్కు వంటింటి వైపే ఉండేది. ఒక పెళ్లింట నియమం తప్పాను కూడా. మరునాడు మళ్లీ మొదటి నుంచి ప్రారంభించాను. అభ్యాసమంటే పడకుండా ఉండటం కాదు, పడినచోటి నుంచి లేవడమని అప్పుడు అర్థమైంది.

కాఫీకి అయ్యే ఖర్చును నెలనెలా అన్నదానానికి సమర్పిస్తున్నాను. అది దాతల పట్టికలో చోటు దక్కేంత మొత్తం కాదు. అయితే ఇంతకుముందు నేను ఇచ్చినవన్నీ మిగులులో నుంచి ఇచ్చినవి. ఇది మాత్రం నా ఇష్టంలో నుంచి ఇచ్చినది.

మరుసటి సంవత్సరం ఆబ్దికం నాడు తల తేలికగా ఉంది. శాస్త్రిగారు అడగకముందే ముత్తాతగారి పేరు చెప్పాను. కార్యక్రమం ముగిసేసరికి మూడు గంటలు దాటినా, అంత సమయం గడిచినట్లు అనిపించలేదు. ఆయనకు దక్షిణ తాంబూలాలు సమర్పించి, వెనుకటి ఏడు నేనన్న మాటకు క్షమించమని నమస్కరించాను. ఆ పూట మా అమ్మగారు విస్తరి వేసి తన చేతితోనే నాకు వడ్డించారు.

యాత్రకు బయలుదేరే భక్తులకు నా మనవి ఇది. స్వామి సన్నిధిలో ఏదైనా విడవాలని సంకల్పిస్తే, మీకు అక్కరలేనిదాన్ని వెతకవద్దు. దేవుని ఎదుట నిలిచినప్పుడు కూడా మిమ్మల్ని వెనక్కి లాగేది ఏదో గుర్తించి, దానినే విడవండి. అనారోగ్యం ఉన్నవారు వైద్యుని సలహా తీసుకొని ప్రారంభించండి. త్యాగం చిన్నదైనా, నిజమైనదైతే చాలు.