పుట్టిల్లు – కల్యాణము – శ్రీశైలము
(అక్కమహాదేవి యాత్ర నేర్పు పాఠము)

నివాసమును విడుచుట రెండు విధములు. మనసొప్పని చోటును విడుచుట యొకటి. మనసునకు నచ్చిన చోటును, ఆప్తులను విడుచుట మఱియొకటి. మొదటిదానికి ధైర్యము చాలును. రెండవదానికి ధైర్యముతోపాటు వివేకమును కావలెను. 12వ శతాబ్దమునకు చెందిన శివశరణి అక్కమహాదేవి యీ రెండింటిని ఆచరించి చూపినది.

మొదటి ప్రస్థానము

అక్క జన్మస్థలము ఉడుతడి. అది నేటి కర్ణాటకమున శివమొగ్గ జిల్లా శికారిపుర తాలూకాలోనిది. బాల్యముననే ఆమె చెన్నమల్లికార్జునుని పతిగా వరించినది. కౌశికుడను రాజు ఆమె రూపమును చూచి మోహించెను. హరిహరకవి తన రగళెలో, ఆమె లింగపూజకును గురుజంగమ సేవకును అడ్డురాకుండవలెనను షరతులతో ఆతనిని వివాహమాడినదనియు, ఆతడు మాట తప్పగా వెడలిపోయినదనియు చెప్పెను. చామరసు ప్రభులింగలీలలో వివాహము జరిగినట్లు లేదు. కథనములు భిన్నములైనను ఫలితమొకటే: రాజభవనమును, జన్మగ్రామమును విడిచి ఆమె ఒంటరిగా బయలుదేరినది. ఉడుతడి నుండి కల్యాణమునకు (నేటి బీదరు జిల్లా బసవకల్యాణము) సరళరేఖలో లెక్కించినను 400 కిలోమీటర్లకు మించును. తోడులేని యువతికి ఆ దారి యెంతటి పరీక్షయో ఊహింపవచ్చును.

కల్యాణమున ఆదరణము

కల్యాణమున ఆమెకు వెంటనే ఆసనము లభింపలేదు. అనుభవ మంటపమున అల్లమప్రభువు ఆమెను కఠినముగా ప్రశ్నించెను. నీ పతి యెవరని అడిగెను. వస్త్రమును విడిచినదానవు కేశములతో దేహమును కప్పుకొననేల అని అడిగెను. ఆమె తడబడక సమాధానమిచ్చినది. ఈ సంవాదమును శూన్యసంపాదనె సవిస్తరముగా తెలుపుచున్నది. పిమ్మట వయసున పెద్దలైన శరణులు సైతము ఆమెను 'అక్క' యని పిలిచిరి. ఇల్లు లేని యామెకు ఆ పిలుపే యిల్లయ్యెను. గురువు చేతిలో పుట్టి, అసంఖ్యాత శరణుల కరుణలో పెరిగితినను భావము ఆమె వచనములలో కానవచ్చును.

రెండవ ప్రస్థానము

అట్టి కల్యాణమును సైతము ఆమె విడిచినది. ఇచట ఆమెను తరిమినవారు లేరు, అవమానించినవారు లేరు. చెన్నమల్లికార్జునుడు శ్రీశైలమున నున్నాడు. ఆమె గమ్యము అది. పుట్టింటిపై ప్రేమ లేక కూతురు అత్తవారింటికి పోదు గదా! అప్పగింతలవేళ కన్నీరు ప్రేమకు గుర్తు. అడుగు ముందునకు వేయుట కర్తవ్యమునకు గుర్తు. అక్క శరణులకు మ్రొక్కి సెలవు గైకొన్నది. తనను పెంచినవారికి మచ్చ రానీయకుండుటయే ఆమె చెల్లించిన ఋణము. శ్రీశైల ప్రాంతమందలి కదళీవనమున ఆమె లింగైక్యమందెనని సంప్రదాయము. నల్లమలలో కృష్ణాతీరమున ఆమె పేర నున్న గుహలను నేటికిని యాత్రికులు పడవలపై పోయి దర్శించుచున్నారు.

ఇష్టలింగ తత్త్వము

ఆమెకు ఇంతటి స్వేచ్ఛ యెట్లు కలిగినది? బసవేశ్వరుడు బోధించిన ఇష్టలింగధారణమున దీనికి సమాధానమున్నది. దేవుడు గోడలలోనే యున్నచో ఊరు విడిచిన భక్తుడు దేవునికి దూరమగును. లింగము దేహముననే యున్నచో ఆతడు పోవుచోటెల్ల ఆలయమే. స్థావరమునకంటె జంగమమునకు శరణులు మిన్న చెప్పుటలోని యొక అర్థమిది.

నేటి అన్వయము

అయితే ఈ పాఠమును తప్పుగా గ్రహింపరాదు. తానై విడుచుట వేఱు, విడువవలసివచ్చుట వేఱు. 1981 ప్రాంతమున శ్రీశైల జలాశయము క్రింద కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో అనేక గ్రామములు మునిగినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాళ్లు విప్పి తెచ్చి ఆలంపురమున తిరిగి నిర్మించిరి. కాని ఇరుగు పొరుగులను, అరుగులపై జరిగిన సాయంకాలపు ముచ్చటలను అట్లు విప్పి తెచ్చుట యెవరికి సాధ్యము? అట్టివారికి వైరాగ్యమును బోధించుట శరణధర్మము కాదు. వారికి కావలసినది నీడ, పని, ఆదరణము. అదియే దాసోహము.

చదువుకై, ఉద్యోగమునకై, వార్ధక్యమున బిడ్డల పంచకై నేడు ఎందఱో ఊళ్లు విడుచుచున్నారు. వారికి అక్క జీవితము మూడు విషయములు నేర్పుచున్నది. పోవువాడు ద్వేషముతో కాక నమస్కారముతో పోవలెను. నిలిచియున్నవారు ప్రేమ పేరిట కాళ్లకు సంకెల వేయరాదు. క్రొత్తవారిని చేర్చుకొనువారు ప్రశ్నింపవచ్చును, కాని పిమ్మట పేరుపెట్టి పిలిచి చెంత కూర్చుండబెట్టుకొనవలెను. ఈ మూడవది మఱచిన ఊరిలో ఎన్ని మఠములున్నను కల్యాణము లేదు.

మననము చేయదగినవి

1. అక్క రెండు ప్రస్థానములకును గల భేదమేమి?
2. ఇష్టలింగధారణము బాటసారికి ఎట్లు బలమగును?
3. మన వీధికి ఈ యేడు క్రొత్తగా వచ్చిన కుటుంబమేది? వారి గడప మనమెన్ని మారులు త్రొక్కితిమి?

మూడవ ప్రశ్నకు సమాధానము పుస్తకములో దొరకదు. దానిని నడచి వ్రాయవలెను.

శరణు శరణార్థి.